చీమకుర్తిలో మంచు

మిద్దె మీద ఉన్ని బట్టలు ఆరేశాను.
రెండు కోతిటోపీలు, నాలుగు జతల మేజోళ్లు,
ఒంగోలు అద్దంకి బస్టాండు దగ్గర
బేరమాడి తెచ్చిన స్వెట్టర్లు.
పక్కింటి కోటమ్మత్త పిట్టగోడ మీంచి తొంగిచూసి
"ఏందమ్మే, గొర్రెల మందని ఆరేశావు" అంది.

పదకొండు రోజులు పోయొచ్చాం.
ఐదేళ్లు కట్టిన చీటీ పదకొండు రోజుల్లో కరిగింది.
అడిగినోళ్లందరికీ మాలకొండయ్య ఒకటే చెబుతాడు:
"మంచు జూశాం. మన రాతిపొడే,
కాకపోతే చల్లగా ఉంది."

అబద్ధం కాదు.
రామతీర్థం రోడ్డున పోతే మీరే చూస్తారు,
సర్కారు తుమ్మలు ఏడాది పొడుగునా
తెల్లటి కొమ్మలతో నిలబడుంటాయి.
లారీ పోయినప్పుడల్లా కొంత రాలుతుంది,
మళ్లీ కురుస్తుంది.
మేకలు ఆకు కొరికే ముందు
కొమ్మని విదిలించడం నేర్చుకున్నాయి.
ఆ పొడే ఆయన లోపల కూడా కురిసింది
ఇరవై రెండేళ్లు, పాలిషింగు లైను పక్కన.
రాత్రి రెండింటికి దగ్గు లేస్తుంది.
మా ఇంట్లో గోడగడియారం ఆగిపోయినా
ఎవరం పట్టించుకోలేదు.

ప్రాగ్‌లో పెద్ద గడియారం కింద నిలబెట్టారు.
గంట కొట్టగానే కిటికీల్లో బొమ్మలు
ఒకదాని వెనక ఒకటి వచ్చిపోయాయి.
జనం ఫోన్లెత్తారు.
ఆయన, "షిఫ్టు మారింది" అన్నాడు.

వియన్నా హోటల్లో లిఫ్టు ముందు ఆగిపోయాడు.
పెట్టె వదిలేశాడు. మోకాళ్ల మీద కూచుని
నల్లటి నేలకి అరచెయ్యి ఆనించాడు,
జొరమొచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు.
నలుపులో బంగారు నలకలు.
కౌంటరులో పిల్ల పరిగెత్తుకొచ్చింది, పడ్డాడేమోనని.
ఈయన ఆ పిల్లకి తెలుగులో చెబుతున్నాడు,
"ఇది మాది. ఇదిగో ఈ మూల జూడు,
పాలిషు రాళ్లు అరిగినా మార్చలా,
మెరుపు మసకేసింది.
నైటు షిఫ్టోడి పని."
ఆ పిల్ల నవ్వి గ్లాసుతో నీళ్లు తెచ్చిచ్చింది.

ఉన్న రెండ్రోజులూ
ఆ మూల తొక్కకుండా పక్కనించి నడిచాడు.
నేనూ అట్టాగే నడిచాను.
ఎందుకో అడగలేదు.

ఇన్స్‌బ్రుక్ దాటాక
తీగకి వేలాడే పెట్టెలో కొండెక్కించారు.
నాకు తెలిసిన కొండ కిందికి ఉంటుంది.
మెట్లు మెట్లుగా, అడుగున పచ్చ నీళ్లతో,
గోడ వెంట లారీలు పాకుతూ.
ఇక్కడ పైకి ఉంది.
ఎవరూ ఇంకా కొయ్యలేదు.
ఆయన కళ్లతో కొలిచి,
"ఎన్ని బ్లాకులు లేస్తయ్యో" అని
తనే నాలిక్కరుచుకున్నాడు.

పైన ఒక గుక్క గాలి పీల్చాడు. ఇంకోటి.
నేను దగ్గు కోసం ఎదురుచూశాను.
రాలేదు.
ఆ రాత్రి రెండింటికీ రాలేదు.
నేను రెండుసార్లు లేచి
ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

కింద వీధిలో గడ్డకట్టిన మంచు.
జారతావని చెయ్యి పట్టుకున్నాడు.
పెళ్లైన ఇరవై నాలుగేళ్లలో నలుగురి ముందు అదే.
నాలుగు రోజులు వదల్లేదు,
జారని చోట కూడా.
ఒంగోలు స్టేషన్లో దిగాక వదిలాడు.
పొడినేల గదా.

నిన్న రాత్రి రెండింటికి దగ్గు తిరిగొచ్చింది.
మొదట కాస్త మొహమాటంగా,
తర్వాత తన ఇల్లే అయినట్టు.
వేణ్ణీళ్లు పెట్టిచ్చాను.
గ్లాసు పట్టుకుని చీకట్లో అడిగాడు,
"సింగారం, ఆ పిల్ల పేరేంది?"
"ఏ పిల్ల?"
"నీళ్లిచ్చిన పిల్ల."
నాకేం తెలుసు.
"అట్టాంటి పిల్లలే గదా
రోజూ మన రాయి తుడిచేది" అన్నాడు.
తెల్లారుజామున ఎప్పుడో కునుకు పట్టింది ఆయనకి.

స్వెట్టర్లు తియ్యడం మర్చిపోయాను.
పొద్దున పోయి చూస్తే
చేతుల మడతల్లో, టోపీల నడినెత్తిన
సన్నగా తెల్లగా పేరుకుని ఉంది.
"ఆ దేశం మంచు ఇంకా కరగలేదంటే!"
కోటమ్మత్త నోరు నొక్కుకుంది.

దులుపుదామని చెయ్యెత్తాను.
గాలి ఆయన పడుకున్న కిటికీ వైపు కొడుతోంది.
తిరిగేదాకా అట్టాగే నిలబడ్డాను.